తట్టల వరుస

మెదక్ చర్చి గుడి ఎవరు కట్టిన్రని అడిగితే మీరంత పాస్నెట్ దొర అంటరు. అబద్ధం గాదు. గని ఆ గోడలకు సున్నం మోసినోళ్లల్ల మా నాయినమ్మ గూడ ఉన్నది. ఆమె పేరు ఏ రాతి మీద లేదు. "నేను మోసిన తట్ట ఏ మూలకు పడ్డదో దేవునికే ఎరుక" అని నవ్వేది.

ఆ పుల్లలు జరంత ఎగదొయ్యి బిడ్డా, పొగంత నా దిక్కే వస్తున్నది. ఎల్లుండి క్రిస్మసుకు మెదక్ పోదామని బండి మాట్లాడుకున్నరట గద. పోండ్రి. పోయేముందు ఈ ముచ్చట చెవుల ఏసుకొని పోండ్రి. అక్కడ ఫోటోలు దిగేటోళ్లే మస్తు, గోడ మీద చెయ్యి పెట్టి సూసేటోళ్లు తక్కువ.

నేను పుట్టింది పాపన్నపేట దిక్కు, మంజీర ఒడ్డుకు. పోలీసు యాక్షన్ అయిన యేడు, 1948ల. ఏడుపాయల జాతర డప్పు మా ఇంటికి ఇనపడేది. మంజీర ఆడ ఏడు పాయలై పారుతది, నడుమ వనదుర్గమ్మ ఉంటది. మేం యేసయ్యను నమ్ముకున్నోళ్లమే గని, శివరాత్రి జాతరకు మా ఇంట్ల పొయ్యి ఆరకుంటుండె. సుట్టాలు బండ్లు కట్టుకొని వస్తుండిరి, దుర్గమ్మకు మొక్కి మా ఇంట్ల బువ్వ తిని పోతుండిరి. అప్పుడు ఇంత లొల్లి లేదు దేవుని పేరు మీద.

నాయినమ్మ చిన్నపిల్లగున్నప్పుడు జర్మన్ లడాయి నడుస్తుండె. లడాయి మొదలైన 1914లనే గుడి పని గూడ మొదలైంది. వానలు మొకం చాటేసినయి. జొన్న లేదు, సద్ద లేదు. ఉన్నోళ్ల ఇండ్లల్ల గుమ్ములు గూడ అడుగంటినయి. జనం అడివిల పడి గడ్డలు తవ్వుకొని తిన్నరట, చింతగింజలు నానబెట్టి దంచి అంబలి కాసుకున్నరట. ఆకలి సాలదన్నట్టు 1918ల పెద్దజ్వరం వచ్చింది, ఇన్‌ఫ్లుయెంజా అంటరే, అది. పొద్దుగాల మాట్లాడినోడు మాపటికి లేకుంటుండె. బొంద తవ్వినోనికే తెల్లారి బొంద తవ్వవలసి వచ్చిందని చెప్పేది నాయినమ్మ.

పాస్నెట్ దొర అప్పటికే ఇరవై యేండ్ల సంది మెదక్‌ల ఉంటున్నడు. ఆయనది వెస్లియన్ మిషను. ఊరికే గింజలు పంచితే ఎన్ని రోజులు పంచుతడు? పంచినా తీసుకునేటోని తల వంగుతది గద. అందుకే పని పెట్టిండు. రాయి కొట్టేటోళ్లు కొట్టుండ్రి, మోసేటోళ్లు మోయుండ్రి, సున్నం నూరేటోళ్లు నూరుండ్రి, మాపటికి గింజలు తీసుకపోండ్రి. ఊర్లకు ఊర్లే కదిలొచ్చినయట. వచ్చినోళ్లల్ల మావోళ్లే గాదు, అన్ని కులాలోళ్లు ఉన్నరు. ఆకలికి కులం యాడిది?

పదేండ్లు పట్టింది. 1924 డిసెంబర్ 25 నాడు తలుపులు తెరిసిన్రు. వంద అడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడుగు. గంట గోపురం నూటా డెబ్బై అడుగుల మీదికే. ఐదు వేల మంది ఒక్కపారి కూసోవచ్చు. లోపల మూడు దిక్కుల రంగు అద్దాల కిటికీలు, ఒకదాంట్ల యేసయ్య పుట్టుడు, ఒకదాంట్ల సిలువ, ఒకదాంట్ల మీదికి పోవుడు. సీమల సాలిస్‌బరీ అనే చిత్రకారుడు గీసినయి అవి. పొద్దు తాకితేనే బొమ్మలు లేస్తయి. పొద్దుగూకినంక పోయి అద్దాలు కనపడుతలేవంటే వాటి తప్పు గాదు.

నేను పోరిగున్నప్పుడు నాయినమ్మను అడిగిన. "అవ్వా, తిననీకి లేనప్పుడు ఇంత పెద్ద గుడి ఎందుకే? చిన్నది కడితే సరిపోకపోవునా?" నన్ను ఎగాదిగా సూసింది. "చిన్న గుడి కడితే ఆర్నెల్లకు పని అయిపోవు గద పిచ్చిదానా" అన్నది. ఇప్పటికీ గుడి గురించి నేనిన్న మాటలల్ల దీనిమీదికి మాట లేదు. సదువుకున్నోళ్లు గోతిక్కు కట్టడమంటరు, ఇంకేందో అంటరు. మా నాయినమ్మకు అది పదేండ్ల బువ్వ.

ఇంకో సంగతి గూడ చెప్పాలె, దాసిపెడితే పాపం. అప్పట్ల మాల మాదిగలను ఏ గుడి గడప తొక్కనియ్యకపోయేది. ఊరి బాయిల నీళ్లు తోడుకోనియ్యకపోయేది. అసొంటోళ్లు కట్టిన గుడిల వాళ్లే పోయి ముందట కూసున్నరు. తలుపు తెరిసిన్నాడు నాయినమ్మ లోపలికి పోయి నేలమీది రంగు బిళ్లల మీద కాలు పెట్టనీకి భయపడ్డదట. కాలు కడుక్కొని మల్ల వచ్చిందట. దేవుడు మనిషిని కొత్తగ చేస్తడని అయ్యగార్లు ప్రసంగాలల్ల చెప్తరు గద. నాకు ఆ మాట ఇన్నప్పుడల్ల ఆ కాళ్లు కడుక్కున్న పిల్లనే యాదికొస్తది.

మరి మన ఊరు ఈ మహమ్మద్ నగర్‌కు నేనెట్ల వచ్చిన్నంటే, కోడలిగ వచ్చిన. అప్పుడిది నిజాంసాగర్ కింది ఊరు. మొన్న మొన్ననే మండలం అయింది, 2016ల కామారెడ్డి జిల్లా అయింది. నా పెండ్లప్పుడు నిజామాబాదు జిల్లానే. మా అత్తగారింటోళ్లది గూడ తట్ట మోసిన వంశమే. మామ డ్యాము కాడ మోసిండు. గుడి పని అయిపోతున్నప్పుడే, 1923ల, నిజాంసాగర్ పని మొదలైంది. అచ్చంపేట కాడ మంజీరకు అడ్డంగ. 1931 దాక నడిసింది. అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు సాబు దగ్గరుండి కట్టించిండు. కట్ట పొడుగు మూడు కిలోమీటర్లు, దాని మీదికెల్లి మోటర్లు పోవచ్చు. నలబై ఊర్లు నీళ్లల్ల మునిగినయి. మనం కాలువ మొదట్ల ఉన్నోళ్లం కాబట్టి డ్యాము అంటే మనకు పంట. మునిగిన ఊరోళ్లకు డ్యాము అంటే ఏందో వాళ్లనడగాలె. ఒకని బువ్వ ఇంకొకని గోస మీద వండుడు ఇవ్వాల కొత్తగ వచ్చింది గాదు.

కాలువ నూటాయాబై ఐదు కిలోమీటర్లు తవ్విన్రు, రెండు లక్షల డెబ్బై ఐదు వేల ఎకరాలకు నీళ్లని లెక్క. నీళ్లు రాంగనే ఈ జాగ మారిపోయింది. గుంటూరు, కృష్ణ దిక్కుకెల్లి జనం వచ్చి భూములు కొనుక్కొని క్యాంపులు వేసుకున్నరు. బోధన్‌ల చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, చెరుకు బండ్లు రాత్రంత గునుసుకుంట పోయేవి. రెండు పంటల వరి. నేను వచ్చిన కొత్తల ఈ ఊర్ల ఎవలింట్ల సూసినా పెండ్లిగింజలున్నట్టే ఉండేది.

గప్పుడే ప్రార్థన తగ్గింది. నవ్వకుండ్రి, నిజమే చెప్తున్న. మాపటి కూటానికి పది మంది వస్తే మస్తు. నీళ్లు కాలువల వస్తుంటే మీదికి ఎవడు సూస్తడు? మా అత్త ఒక్కతె చాప పరుసుకొని, దీపం పెట్టుకొని, వచ్చినా రాకున్నా కూసునేది. నాకు లోపల్లోపల నవ్వొచ్చేది. ముసలామెకు పని లేదనుకునేదాన్ని.

మా అత్తకు ఆ పట్టు యాడికెల్లి వచ్చిందంటే, డిచ్‌పల్లి నుంచి వచ్చింది. ఆమె అన్నకు పెద్దరోగం వచ్చింది, కుష్టు అంటరే, అది. వేళ్లు మొద్దుబారినయి. ఊరోళ్లు పొలిమేరల గుడిసె ఏసి అండ్ల ఉండుమన్నరు. ఇంట్లోళ్లే బువ్వ దూరంకెల్లి పెట్టిపోయేది. డిచ్‌పల్లిల ఒక డాక్టరమ్మ ఉన్నదని ఎవలో చెప్పిన్రట. ఇసాబెల్ కెర్ దొరసాని, స్కాట్లాండు నుంచి వచ్చినామె. పెనిమిటి పాదిరి. ఆ దవాఖాన 1915ల పెట్టిన్రు, దానికి పైసలు ఇచ్చింది నిజామాబాద్ రాజా నర్సాగౌడ్. ఆయన హిందువు, రాజ్యం తురకలది, డాక్టరమ్మ కిరస్తానం. పెద్దరోగమొచ్చినోనికి ఈ ముగ్గురు కలిస్తే గని ఒక మంచం దొరకలె. అడివి బాదం గింజల నూనె ఉంటది, చాల్‌మోగ్రా అంటరు దాన్ని, సూది మందు కింద ఇస్తుండిరి. శాన నొప్పట. మా అత్త అన్న రోగం తగ్గి వచ్చిండు. వేళ్లు మల్ల రాలేదు. మొండి చేతులతోనే తోటపని నేర్చుకున్నడు, ఆడనే ఉండిపోయిండు. "దేవుడు వేళ్లియ్యలె, పనిచ్చిండు" అనేటోడట. మా అత్త ఆ మాట పట్టుకున్నది.

ఇగ నా ముచ్చట.

1972. మీ తాత, నేను కౌలుకు చేస్తున్నం. ఆ యేడు వాన లేదు. డ్యాముల నీళ్లు లేవు. అది కట్టినప్పుడు దాంట్ల దగ్గర దగ్గర 30 టీఎంసీలు పట్టేదట, గప్పటికే పూడిక నిండి 12 టీఎంసీలు గూడ పట్టకుంటయింది. మంజీర తెచ్చిన మట్టి అంతా దాని కడుపులనే ఉన్నది. తరువాత గేట్లు ఎత్తు పెంచి 17 టీఎంసీల చిల్లరకు తెచ్చిన్రనుకోండ్రి. గని ఆ యేడు మాత్రం కాలువల పిల్లలు గోళీలాడిన్రు. పశువులను అగ్గువకు అమ్ముకున్నరు. నా పెద్ద బిడ్డకు వాంతులు, బేదులు పట్టుకున్నయి. బండి కట్టుకొని బాన్సువాడ తీసుకపోయేవరకే చెయ్యి దాటింది. మూడేండ్ల పిల్ల.

నేను ప్రార్థన బందు పెట్టిన. మా అత్త చాప పరిస్తె నేను పోయి కాలువ కట్ట మీద కూసునేదాన్ని. అయ్యగారు ఇంటికి వచ్చిండు, మంచోడే, నా మీద పాపమనుకొని యోబు ముచ్చట చెప్పిండు. అన్నీ పోయినా యోబు దేవుణ్ణి ఇడువలేదమ్మా, ఆఖర్కి మల్ల పిల్లలు పుట్టిన్రు అన్నడు. "మరి పోయిన పిల్లల సంగతేంది అయ్యగారూ?" అని అడిగిన. ఆయన కాడ జవాబు లేదు. తల వంచుకొని ప్రార్థన చేసి పోయిండు. జవాబు లేనప్పుడు కల్పించి చెప్పలేదని ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

నాయినమ్మకు కబురు పోయింది. అప్పటికే నడుము వంగిన మనిషి. ఎల్లారెడ్డి దాక బస్సు, ఆడికెల్లి ఎడ్లబండి దొరికిన కాడికి బండి, దొరకనికాడ నడక. వచ్చి నా పక్కన కూసున్నది. ఏడ్వలె, ఓదార్చలె. మాపటికి కాలువ కట్ట మీదికి నాతోనే వచ్చింది. అప్పుడు చెప్పింది, అంతకు ముందు ఎన్నడు చెప్పని ముచ్చట.

గుడి పని కాడ తట్టలు ఎట్ల పోతయో మీకు తెల్వదు. ఒక్కొక్కరు మోసుకపోవుడు కొంతదూరమే. మీదికి ఎక్కించేకాడ వరుస కడుతరు. కిందికెల్లి మీది దాక మనుషులు నిలబడుతరు, తట్ట చేతులు మారుకుంట పోతది. నీ ఎనుకామె ఇస్తది, నువ్వు తీసుకొని ముందామెకు ఇస్తవు. ఖాళీ తట్టలు ఇంకో దిక్కుకెల్లి దిగుతయి. నాయినమ్మకు ఒక తమ్ముడుండె. పెద్దజ్వరంల పోయిండు. రాత్రి పూడిసిపెట్టి వచ్చిన్రు. తెల్లారి ఆమె పనికి పోయి వరుసల నిలబడ్డది.

"ఎట్ల నిలబడ్డవే?" అని అడిగిన. "దేవుణ్ణి నమ్మి నిలబడ్డవా?"

"దేవుని మీద బగ్గ కోపమున్నది" అన్నది. "గని ఎనుకామె తట్ట పట్టుకొని చేతులు సాపింది. ఆమె పెనిమిటి గూడ ఆ వారమే పోయిండు. నేను తీసుకోకుంటే ఆ బరువు ఆమె చేతులల్లనే ఉంటది గద. తీసుకున్న. ముందామెకు ఇచ్చిన. మల్లొకటి వచ్చింది. మాపటి వరకు అట్లనే. మాపటికి గింజలు కొంగుల పోసుకొని పోతుంటే ఏడుపొచ్చింది. గప్పుడు ప్రార్థన చేసిన. అంతకుముందు నోరు రాలె."

నేనేం మాట్లాడలె. ఆమె గూడ ఇంకేం చెప్పలె. తెల్లారి మా అత్త వడ్లు దంచుతుంటే నాయినమ్మ నన్ను సూసింది. నేను లేసి రెండో రోకలి అందుకున్న. గంతే. మెరుపులు మెరవలె, ఆకాశం తెరుసుకోలె. కూటంల నోరు తెరిసి ప్రార్థన చేసుడు ఆ యేడు క్రిస్మసు దాటినంక గని రాలె నాకు. నమ్మకం ఒక్క రాత్రిల తిరిగి వచ్చిందని సాక్ష్యాలల్ల కొందరు చెప్తరు, వాళ్లకు అట్ల వచ్చిందేమో. నాకు పని ఎంబడి వచ్చింది, మెల్లగ, కొద్దికొద్దిగ.

ఆ తరువాత కాలం నిలువలె. మీదికెల్లి సింగూరు కట్టిన్రు. 1980లల్ల అయింది ఆ పని, ముప్పై టీఎంసీల డ్యాము, హైదరాబాదుకు తాగే నీళ్లు. పట్నపోళ్లు నీళ్లు తాగొద్దని నేనెట్లంట? గని మంజీర మనకాడికి వచ్చేటప్పటికి సన్నబడ్డది. మొగోళ్లు దుబాయి, మస్కటు బాట పట్టిన్రు. మీ నాయిన గూడ పోయిండు గద. మేం ఆడోళ్లం బీడీల చాట ముందటేసుకున్నం. తునికాకు, తంబాకు, దారం. మా పక్కింటి తురక చెల్లె, నేను ఒక్క దీపం కింద కూసొని చేసేది. రంజాన్ నెలల ఆమె ఒక్కపొద్దుండి బీడీలు చేసేది, నేను ఆమె ముందట నీళ్లు తాగకుంటుంటి. ఆమె కొడుకు సౌదీల, నా కొడుకు మస్కటుల. ఉత్తరాలు రాని నెలల ఆమె దువా చేస్తే నేను ఆమీన్ అంటుంటి, నేను ప్రార్థన చేస్తే ఆమె ఆమీన్ అనేది. రెండిట్లకు ఆ మాట ఒకటే ఉండుడు మంచిదయింది.

2015ల మల్ల కరువు. మీరు సూసిన్రు, మరిసిపోయిన్రు. సింగూరు ఎండింది, నిజాంసాగర్ ఎండింది. ఆ యేడే బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డది. పిల్లలు కప్పను రోకలికి కట్టి కప్పతల్లి ఆడిన్రు. మసీదు సాబు ఊరి బయట వాననమాజు చేయించిండు. మన సంఘంల ఉపాసముండి ప్రార్థన పెట్టుకున్నం. వాన రాలె. మరుసటి యేడు 2016 సెప్టెంబర్‌ల వచ్చింది సూడు, సింగూరు నిండి, నిజాంసాగర్ నిండి, గేట్లెత్తే దాక. ఎవల మొర ఆలకించిండో దేవుడు రసీదు రాసియ్యలె. కప్ప గూడ నాదే అంటుండొచ్చు.

ఇగ మొన్నటి ఆగస్టు. 2025 ఆగస్టు 27, 28. కరువు గురించి ఇంతసేపు చెప్పిన గని, నీళ్లు ఎక్కువైతే గూడ అదే గోస. కామారెడ్డి ఆగమైంది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకపోయింది. పోచారం ప్రాజెక్టు తెగుతదని రాత్రంత జనం నిద్రపోలె. 1922ల కట్టింది అది, నిజాం కాలంది. లెక్కగట్టిన దానికి రెట్టింపు దాటి వరద మీదికెల్లి పోయినా తట్టుకున్నది. టీవీల ఇంజనీర్లు ఆశ్చర్యపోయిన్రట. నాకేం ఆశ్చర్యం గాలె. తట్ట చేతులు మారిన కట్ట అది. నేను దేవునికి దండం పెట్టిన, ఎంబడే పేరు తెల్వని ఆ కూలోళ్లకు గూడ పెట్టిన. అయ్యగారు తప్పంటే అననియ్యి.

డ్యాము నిలిచింది గని వాగుల ఒడ్డు పొలాలు నిలువలె. పచ్చటి వరి మీద ఇసుక పేరుకపోయింది. కొన్ని జాగలల్ల మోకాలు లోతు, కొన్నిట్ల నడుము లోతు. మన వాగు ఒడ్డుకు ఆ చిన్న కౌలురైతు లేడా, పోయినేడు పెండ్లయిన పిలగాడు, పోయిన ఆదివారం వచ్చి నన్ను అడిగిండు. "అవ్వా, నువ్వు ఇన్నేండ్లు నమ్ముకున్నవు గద. దేవుడు నాకే ఎందుకిట్ల చేసిండు?" నా కాడ జవాబు లేదు. యాబై యేండ్ల కింద అయ్యగారి కాడ ఎట్ల లేదో, నా కాడ గూడ అట్లనే లేదు. కల్పించి చెప్ప బుద్ధి కాలె. బువ్వ తినిపొమ్మన్న. తిన్నడు.

నిరుడు మెదక్ గుడికి నూరేండ్లు నిండినయి. క్రిస్మసు నాడు ముఖ్యమంత్రి వచ్చిండు, ఏడుపాయలకు గూడ పోయిండు. మస్తు జనం. నేను మోకాళ్ల నొప్పులతోని పోలేకపోయిన, టీవీల సూసిన. గంట గోపురం చూపించిన్రు, అద్దాలు చూపించిన్రు, పాస్నెట్ దొర ఫోటో చూపించిన్రు. చూపించాల్సిందే, ఆయన చేసిన పని తక్కువది గాదు. మీరు ఎల్లుండి పోయినప్పుడు మాత్రం తెల్లారకముందే మొదటి ఆరాధనకు పోండ్రి. పొద్దెక్కేదాక ఆగి అద్దాలు సూడుండ్రి. కానుక పెట్టెల పైసలు ఎయ్యుండ్రి. మా నాయినమ్మ పేరు మీద గోడకు ఒక్కసారి చెయ్యి ఆనియ్యుండ్రి.

పండుగ తెల్లారి మాత్రం ఎవ్వరు మంచం మీద పండుకోవద్దు. ఆ పిలగాని పొలంల ఇసుక ఇంకా అట్లనే ఉన్నది. యాసంగి నారు ముదురుతున్నది, ఇంకా వారం పది రోజులైతే నాటు అదును పోతది. మిషను తెచ్చే తాహతు వానికి లేదు. మన ఇండ్లల్లకెల్లి ఇద్దరిద్దరు పోయినా నాలుగు రోజులల్ల ఒక మడి ఎల్లుతది. పక్కింటి తురక చెల్లె మనుమలకు గూడ చెప్పిన, వస్తమన్నరు. తట్టలు నేను అడిగి పెట్టిన. పారలు మీరు తెచ్చుకోండ్రి.